పువ్వు ఫోటో తీశారు సరే, ఆ మొక్క మే నెలలో ఎక్కడుంటుందో చూపించగలరా?



వీడియోలో అడవినాభి పువ్వును దగ్గరగా చూపించాను. ఎర్రగా, పసుపుగా, రేకుల అంచులు అలల్లా తిరిగి, పొయ్యిలో మంట పైకి లేచినట్టే ఉంటది. చూసినవాళ్లంతా పువ్వు అందం గురించే మాట్లాడుతున్నారు. నేను ఈ రాతలో దాని దుంప గురించి, ఆ దుంప ఎండాకాలంలో ఎక్కడుందో చెప్పగలిగే ఫోటో గురించి రాస్తున్నా. గోదావరిఖని, రామగుండం, మంథని దిక్కు భూములున్న మనకు అసలు పని అక్కడే ఉంది.

అడవినాభి వానకాలం మొక్క. తొలకరి పడ్డాక దుంప నుంచి మొలక లేస్తుంది. పక్కనున్న పొదనో, కంచెనో పట్టుకుని పైకి పాకుతుంది. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా పూలు. దసరా దాటాక కాయలు ముదిరి, తీగ పసుపు తిరిగి, చలికాలంలో పైభాగం అంతా ఎండి రాలిపోతుంది. ఇక మళ్లీ వానలు పడేదాకా నేల పైన ఏమీ కనపడదు. దుంప మాత్రం లోపల బతికే ఉంటుంది.

మరి మన దగ్గర భూమిని కదిలించే పనులు ఎక్కువ ఎప్పుడు జరుగుతాయి? ఎండాకాలంలోనే. చెలక దున్నేది అప్పుడే, గెట్టు మీది పొదలు కొట్టేది, కాల్చేది అప్పుడే. పొలాలకు జేసీబీ వచ్చేదీ అప్పుడే. ఆ రోజు "ఇక్కడ ఒక మొక్క ఉంది" అని చెప్పడానికి మన దగ్గర ఉండే సాక్ష్యం ఒక్కటే, సెప్టెంబర్‌లో తీసిన ఫోటో. అదీ సరిగ్గా తీసి ఉంటేనే. పువ్వు ఒక్కటే ఫోన్ నిండా పెట్టి, వెనకంతా మసకగా వచ్చేట్టు తీసిన ఫోటో స్టేటస్‌కు బాగుంటది. మే నెలలో దాన్ని పట్టుకుని పొలంలో నిలబడితే ఏ మూలకు నడవాలో తెలియదు.

మన బెల్టులో ఇది ఎందుకు పెద్ద విషయం

భూగర్భ బాయి తవ్వినచోట పైన పొలం, పొద, గుట్ట చాలావరకు ఉంటాయి. ఓసీపీలో అట్ల కాదు. ముందు చెట్లు పోతాయి, తర్వాత పైమట్టి తీస్తారు, ఆ తర్వాత బొగ్గు మీదున్న రాయి, మట్టి అంతా తీసి గుట్టలుగా పోస్తారు. మన ఊర్ల పక్కన కనిపించే ఓబీ గుట్టలు అవే. పైమట్టిని విడిగా దాచి తర్వాత ఆ గుట్టల మీద పరచాలన్నది గనుల పద్ధతి. మంచి పద్ధతే. కానీ మట్టి గురించి తెలిసిన మనం ఒక మాట గుర్తుంచుకోవాలి. పెద్ద కుప్పగా పోసిన మట్టిలో అడుగుకు గాలి అందదు. వేర్లను అంటుకుని బతికే శిలీంధ్రాలు తగ్గిపోతాయి, గింజలు మొలకశక్తి కోల్పోతాయి, దుంపలు కుళ్లుతాయి. జీవామృతం డ్రమ్ముకు గాలి ఆడకుండా బిగించి మూత పెడితే ఏమవుతుందో మనకు తెలుసు గదా, ఇదీ అంతే. కుప్ప ఎంత కాలం ఉంటే నష్టం అంత.

తర్వాత ఆ గుట్టల మీద మొక్కలు నాటుతారు. నీలగిరి, సుబాబుల్, వెదురు, టేకు లాంటివి మనం చూస్తూనే ఉన్నాం. దూరం నుంచి పచ్చగా ఉంటుంది, మట్టి జారకుండా ఆపుతుంది, అది అవసరమే. అయితే నర్సరీలో దొరికే మొక్కే నాటగలరు. అడవినాభి, నల్లేశ్వరి, పొడపత్రి, మేకమేయని ఆకు లాంటి తీగలను నర్సరీలో కవర్లలో పెట్టి లక్షల్లో పెంచేవాళ్లు నాకు కనపడలేదు. అవి మన గెట్ల మీద, ఒర్రెల పక్కన, రామగిరి ఖిల్లా లాంటి గుట్టల మీద మిగిలితేనే ఉన్నట్టు.

ఇక్కడ చిన్న ముచ్చట. మనం తవ్వుతున్న బొగ్గు కూడా ఒకప్పటి మొక్కలే. గోదావరి లోయ బొగ్గు పొరల రాళ్లలో గ్లోసోప్టెరిస్ అనే మొక్క ఆకుల అచ్చులు దొరుకుతాయి. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన ఆకు, ఈనెలతో సహా రాయి మీద కనిపిస్తుంది. ఆ మొక్క ఈ రోజు భూమ్మీద ఎక్కడా లేదు, అచ్చు మాత్రమే ఉంది. మన ఫోన్లలో ఉన్న ఫోటోలు కూడా ఆఖరికి అట్లాంటి అచ్చులుగా మిగిలిపోకూడదనే నా ఆరాటం.

"అరుదు" అంటే ఏంటి

అరుదైన మొక్క అనగానే చాలామంది శేషాచలం, నల్లమల అంటారు. నిజమే, తిరుమల కొండల దిక్కున చిన్న ఈత చెట్టులా కనిపించే సైకస్ బెడ్డోమై ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. ఎర్రచందనం కూడా తూర్పు కనుమల్లో దక్షిణాన కొంత భాగానికే పరిమితం. ఇవి పుట్టుకతోనే చిన్న చోటుకు కట్టుబడ్డ మొక్కలు. సర్పగంధి కథ వేరు. అది దేశంలో చాలాచోట్ల ఉండేది. 1950ల్లో దాని వేరు నుంచి రక్తపోటు మందు తయారవడం మొదలయ్యాక వేర్ల కోసం తవ్వి తవ్వి తగ్గించారు.

మన అడవినాభి ఈ రెండూ కాదు. ఆఫ్రికాలో, ఆసియాలో చాలా దేశాల్లో ఉంది. జింబాబ్వే జాతీయ పుష్పం, తమిళనాడు రాష్ట్ర పుష్పం కూడా ఇదే. ప్రపంచ లెక్కలో అరుదు కాదు. మన ఊరి లెక్కలో మాత్రం అరుదే. పదేళ్ల కింద మా గెట్ల మీద అక్కడక్కడా కనిపించేది, ఇప్పుడు రెండు చోట్లే నాకు తెలుసు. రైతుగా నాకు ఈ ఊరి లెక్కే ముఖ్యం. తమిళనాడులో లక్ష మొక్కలు ఉంటే మా గెట్టు మీద సీతాకోకచిలుకకు ఏం లాభం?

ఫోటో ఎట్ల తీయాలి

మంచి కెమెరా అక్కర్లేదు. పది వేల రూపాయల ఫోన్ చాలు. వరుస మాత్రం తప్పొద్దు.

మొదటి ఫోటో పువ్వుది కాదు, చోటుది. మొక్కకు పది అడుగుల దూరంలో నిలబడి, వెనక కదలని గుర్తు ఒకటి వచ్చేట్టు తీయాలి. బండరాయి, తాటిచెట్టు, కరెంటు స్తంభం, బావి గోడ, ఏదైనా సరే. తర్వాత పక్కకు తిరిగి ఇంకో దిక్కు నుంచి ఇంకో గుర్తుతో మళ్లీ తీయాలి. రెండు గుర్తుల నుంచి మొక్క దాకా అడుగులు లెక్కపెట్టి నోటుబుక్కులో రాయాలి. "వేప చెట్టు మొదలు నుంచి తూర్పుకు 14 అడుగులు, బండ నుంచి ఉత్తరానికి 9 అడుగులు" అని. ఫోన్‌లో జీపీఎస్ ఉంది గదా అంటారు. చెట్ల కింద ఫోన్ జీపీఎస్ ఐదు, పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చింతకాయంత దుంపను వెతకడానికి ఆ తేడా చాలా ఎక్కువ. నోటుబుక్కులో రాసిన అడుగులే మేలు.

తర్వాత మొక్క మొత్తం. పక్కన బడిపిల్లల స్కేలు నిలబెట్టండి, లేకుంటే ఐదు రూపాయల బిళ్ల పెట్టండి. సైజు తెలియని ఫోటో చూసి పేరు చెప్పమంటే ఎవరికైనా కష్టం. తర్వాత కాండానికి ఆకులు ఎట్ల అమరాయో తీయాలి: ఎదురెదురుగానా, ఒకటి విడిచి ఒకటా, గుంపుగానా. ఆకు పైవైపు, కిందివైపు. అడవినాభిలో అయితే ఆకు చివర తప్పనిసరి. ఆకు కొసే సన్నగా సాగి, చుట్ట తిరిగి, పక్క కొమ్మను పట్టుకుంటుంది. పువ్వు లేని రోజుల్లో కూడా ఈ ఒక్క గుర్తుతో దాన్ని పట్టుకోవచ్చు.

పువ్వును ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి తీయండి. పై నుంచి మాత్రమే తీసిన ఫోటోలే ఎక్కువ వస్తాయి, అవి గుర్తింపుకు సగమే పనికొస్తాయి. అడవినాభి పువ్వు విచ్చినప్పుడు ఆకుపచ్చ కలిసిన పసుపులో ఉండి, రోజులు గడిచేకొద్దీ ఎరుపెక్కుతుంది. ఒకే తీగ మీద మొగ్గ, కొత్త పువ్వు, పాత పువ్వు మూడూ దొరుకుతాయి, మూడూ తీయండి. లేకుంటే పసుపు పువ్వు చూసినవాళ్లు ఒక మొక్క అని, ఎర్ర పువ్వు చూసినవాళ్లు ఇంకో మొక్క అని రెండు పేర్లు రాస్తారు. పక్క నుంచి తీసిన ఫోటోలో ఇంకోటి కనపడుతుంది. ఆరు రేకులు వెనక్కి విరుచుకుని ఉంటాయి, ఆరు కేసరాలు చుట్టూ చాపుకుని ఉంటాయి, కీలం మాత్రం మొదట్లోనే పక్కకు విరిగినట్టు వంగి దూరంగా పోతుంది. ఆ వంపుకు కారణముంది, కింద చెప్తా.

వెలుతురు విషయం మన దగ్గర ప్రత్యేకం. రోడ్డు పక్క మొక్కల మీద బొగ్గు దుమ్ము, బూడిద పేరుకుని ఉంటాయి. ఆకు నిజం రంగు కనపడదు. ఒక ఫోటో దుమ్ముతోనే తీయండి, అదీ రికార్డే. వాన పడ్డ మరుసటి ఉదయం మళ్లీ పోయి తీస్తే ఆకు, పువ్వు కడిగినట్టుంటాయి. ఎండ నెత్తి మీదుంటే ఎర్ర పువ్వు ఫోన్‌లో ముద్దలా వస్తుంది. మబ్బు పట్టిన రోజు మేలు, కాకుంటే గొడుగు నీడ పట్టండి. స్క్రీన్ మీద పువ్వు దగ్గర వేలుతో తాకి, ఫోకస్ కుదిరాక తీయండి.

ఫోటో బాగా రావాలని చుట్టూ గడ్డి పీకొద్దు, తీగను కంచె మీంచి లాగొద్దు, పువ్వు తెంపి చేతిలో పెట్టుకుని అసలే తీయొద్దు. ఆ గడ్డిలోనే దాని పిల్ల మొక్కలు ఉండొచ్చు. పాములు కూడా ఉండొచ్చు. వానకాలం పొదల్లోకి పోయేటప్పుడు గమ్‌బూట్లు వేసుకోండి, కట్టెతో తట్టుకుంటూ పోండి.

పేరు పెట్టే ముందు

గూగుల్ లెన్స్ పెట్టి చూస్తే పేరు వెంటనే వస్తుంది. తోట పూలకు బాగానే చెప్తుంది, అడవి మొక్కలకు మాత్రం తప్పులు చేస్తుంది. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ రెండూ మేలు. అక్కడ మనం పెట్టిన ఫోటోను మొక్కలు తెలిసిన మనుషులు చూసి ఒప్పుకుంటారు, లేకపోతే సరిదిద్దుతారు. డిగ్రీ కాలేజీల బోటనీ సార్లకు చూపించినా చాలామంది సంతోషంగా చెప్తారు. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం కూడా ఉంది.

ఊరి పేరు కూడా తప్పక రాసుకోండి, ఎవరు చెప్పారో కూడా. అడవినాభినే కొందరు పొత్తిదుంప అంటారు, కొందరు కలప్పగడ్డ అంటారు. సంస్కృతంలో లాంగలి, అంటే నాగలి. దుంప రెండు కొమ్ములుగా విరిగి అచ్చం నాగలి వంపులా ఉంటుంది కాబట్టి ఆ పేరు. పేరు పెట్టినాయన ఎవరో గానీ దుంప తవ్వి చూసినవాడే, వ్యవసాయం తెలిసినవాడే. అయితే ఊరి పేరు ఒక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదం. వసనాభి అని ఇంకోటుంది, అది హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క. రెండూ నాభే, రెండూ విషమే, విషాలు మాత్రం వేరు వేరు.

విషం మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్తున్నా. అడవినాభిలో కొల్చిసిన్ ఉంటుంది. మొక్క అంతా విషమే, దుంపలో, గింజలో ఎక్కువ. దుంపను చిలగడదుంప అనుకుని ఉడకబెట్టుకుని తిని చనిపోయినవాళ్లు ఉన్నారు, శ్రీలంక ఆసుపత్రుల నుంచి ఇట్లాంటి కేసులు ఎన్నో నమోదయ్యాయి. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, తర్వాత ఒక్కో అవయవం దెబ్బతింటుంది. ఎవరైనా పొరపాటున తింటే ఇంటి వైద్యం వద్దు, వెంటనే పెద్దాసుపత్రికి. మొక్క ఫోటో డాక్టర్‌కు చూపించండి, ఏ విషమో తెలిస్తే వాళ్ల పని సులువవుతుంది. మనం తీసిన ఫోటోకు ఇదీ ఒక ఉపయోగం.

ఇదే కొల్చిసిన్ కీళ్లవాతానికి మందు కూడా. డిప్లొమాలో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మొక్కల క్రోమోజోములు రెట్టింపు చేయడానికి వాడేది ఇదే. గింజల్లేని పుచ్చకాయ వెనక దీని చేయి ఉంది.

చోటు చెప్పొద్దు

మన వీడియోలో ఊరి పేరు ఎందుకు లేదు అంటే ఇందుకే. ఆ వేప చెట్టు, బండ కనిపించే ఫోటోలు మన రికార్డు కోసం. బయటకు పెట్టేవి దగ్గరి ఫోటోలే.

దక్షిణాఫ్రికాలో కోనోఫైటమ్ అనే చిన్న చిన్న రాతి మొక్కలు ఉన్నాయి. బొటనవేలంత ఉంటాయి. 2019 తర్వాత ఇంటర్నెట్‌లో వాటికి గిరాకీ పెరిగి, కొండలకు కొండలు ఖాళీ చేసేలా దొంగలు తవ్వుకుపోయారు. ఎక్కడ పెరుగుతాయో చెప్పే ఫోటోలు కూడా దొంగలకు దారి చూపిస్తాయని అక్కడివాళ్లు ఇప్పుడు చోటు దాస్తున్నారు. ఐనాచురలిస్ట్‌లో ప్రమాదంలో ఉన్న మొక్క పెడితే అసలు చోటు కాకుండా దాదాపు ఇరవై కిలోమీటర్ల పెట్టెలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తుంది. మిగతా మొక్కలకు ఆ సెట్టింగ్ మనమే పెట్టుకోవాలి.

మన దగ్గర రాతి మొక్కల గిరాకీ లేదు గానీ తెల్లమోదుగ పిచ్చి ఉంది. మోదుగలో ఎర్ర పువ్వులకు బదులు పాలిపోయిన పసుపు పూలు పూసే చెట్టు ఎక్కడో ఒకటి ఉంటుంది. అది మోదుగే, రంగు మారిన రకం, అంతే. దాని వేరు ఇంట్లో పెట్టుకుంటే డబ్బొస్తుందని, కింద నిధి ఉంటుందని నమ్మేవాళ్లు ఉన్నారు. అట్లాంటి చెట్టు ఫోటో ఊరి పేరుతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే బెరడు చెక్కేవాళ్లు, వేరు తవ్వేవాళ్లు బయల్దేరతారు. మీ దగ్గర ఉంటే నాక్కూడా చోటు చెప్పకండి. పూసినప్పుడు ఫోటో తీసి, విత్తనం దాచండి.

ఫోన్‌లో ఇంకో సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నుంచి చోటు వివరాలు తొలగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఫైలుతో పాటే పోతాయి. ఫేస్‌బుక్‌లో పెట్టేముందు వెనక స్తంభం నంబరో, గుడి గోపురమో కనపడుతుందేమో ఒకసారి చూడండి.

గెట్టు మీద బతికించడం

రామగిరి గుట్టల కింద మందాకులు ఏరే ఒక అవ్వ నాతో అన్నది: "కొడుకా, పువ్వు తెంపితె మళ్లొస్తది. గడ్డ తీస్తె ఇంగ రాదు." రామగిరికి మూలికల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తుంటారు, ఆయుర్వేద విద్యార్థులు కూడా వస్తారు. చూసి, ఫోటో తీసుకుని పోయేవాళ్లతో ఇబ్బంది లేదు. సంచి నిండా వేర్లు తవ్వుకుపోయేవాళ్లతోనే. అడవి భూమిలో అనుమతి లేకుండా ఏదీ తవ్వకూడదు, ఇది చట్టం. నేను చెప్పేదంతా మన పట్టా భూముల గెట్ల గురించే.

మొదటి దారి విత్తనం. కాయలు ఎండి పగిలే ముందు కోయాలి. లోపల ఎర్రటి గింజలు గుండ్రంగా ఉంటాయి. తీగకు ఐదు కాయలుంటే నేను ఒకటే తీసుకుంటా, మిగతావి అక్కడే రాలాలి. ఈ గింజలకు నిద్ర ఎక్కువ. కోసిన వెంటనే మొలవవు, మొలిచినా ఒకేసారి రావు, వారాలు, నెలలు పడుతుంది. మట్టి కుండలో ఇసుక, పాత మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి వేసి, తొలకరికి ముందు నీడలో పెట్టి మర్చిపోవాలి. మొలిచిన మొక్క పువ్వు చూపించడానికి మూడు నాలుగేళ్లు పట్టొచ్చు. ఓపిక లేనివాళ్లకు ఈ మొక్క కాదు.

రెండో దారి దుంప మార్చడం. భూమి పోతుందని తెలిసినప్పుడే, యజమాని ఒప్పుకుంటేనే ఇది చేయాలి. బాగున్న చోటు నుంచి ఎప్పుడూ వద్దు. ఇక్కడే మన సెప్టెంబర్ ఫోటో పనికొచ్చేది. తీగ పూర్తిగా ఎండాక, డిసెంబర్ నుంచి మే మధ్యలో, రెండు గుర్తుల నుంచి అడుగులు కొలిచి చోటు పట్టాలి. దుంప మీదనే గడ్డపార దించకుండా ఒక అడుగు దూరం నుంచి మొదలుపెట్టి మట్టితో సహా లేపాలి. చేతికి గ్లౌజులు ఉండాలి. దుంప కొమ్ముల కొసల్లోనే మొలక కన్ను ఉంటుంది. ఆ కొస విరిగితే ఎంత పెద్ద దుంపైనా ఆ వైపు మొలవదు. మామిడి అంటు వేళ్లు కాపాడినట్టు కాపాడాలి. నేను బీజామృతంలో ముంచి, నీడలో ఆరబెట్టి, కొత్త గెట్టు మీద నీళ్లు నిలవని చోట నాలుగు వేళ్ల లోతులో అడ్డంగా పెడతా. వానలు పడేదాకా నీళ్లు పోయను. పూతలో ఉన్న మొక్కను పీకి తెచ్చి పెడితే బతకడం కష్టం, పువ్వు చూసి ఆశపడి ఆ పని చేయకండి.

ఒక్కదాన్నే పెట్టొద్దు, మూడు నాలుగు దగ్గరగా పెట్టండి. కీలం పక్కకు వంగి ఉంటుందని చెప్పాను గదా, దాంతో పువ్వులోని పుప్పొడి అదే పువ్వు కీలం మీద పడటం కష్టం. సీతాకోకచిలుకలో, తేనెపిట్టలో వచ్చి మోసుకుపోవాలి. తమిళనాడులో మూలనూర్, వేదారణ్యం దిక్కు రైతులు దీన్ని విత్తనం కోసం ఎకరాల్లో పందిరి మీద పెంచుతారు. అక్కడ పొద్దున్నే కూలీలు పువ్వు పువ్వుకూ చేతితో పుప్పొడి అంటిస్తారు. గింజలు మందుల కంపెనీలకు పోతాయి. "మనమూ పెడదామా అన్నా" అని కొందరు అడిగారు. కొనేవాళ్లు ఎవరో తెలియకుండా పెట్టొద్దనేది నా అభిప్రాయం. అంతకంటే ముఖ్యం, నాటే దుంపల కోసం అడవిని తవ్వే వ్యాపారం ఈ పంట వెనకాలే వస్తుంది.

గెట్టు మీద ఒక్క అడవినాభే ఎందుకు? నల్లేశ్వరి తీగ ఉంటే పీకకండి. ఎర్ర మచ్చల నల్ల సీతాకోకచిలుకలు, కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అంటారు, గుడ్లు పెట్టేది ఆ జాతి తీగల మీదనే. ఆ తీగ పోతే ఆ గెట్టు మీద వాటి పిల్లలకు తిండి లేదు. పొడపత్రి కంచెకు ఉండనివ్వండి.

గునుగు కూడా దొరకని రోజు

డిప్లొమాలో కలుపు మొక్కల పాఠంలో గునుగు పేరు ఉండేది, ఎట్ల చంపాలో కూడా ఉండేది. పత్తి చేనులో, మక్క చేనులో అది కలుపే, కాదనను. కానీ పెత్రమాస నాడు బతుకమ్మ పేర్చాలంటే అదే గునుగు కావాలి. ఇప్పుడు గడ్డి మందు కొట్టిన చేన్ల మధ్య గునుగు కోసం తిరిగి తిరిగి, ఆఖరికి మార్కెట్‌లో కట్ట కొనుక్కుంటున్నాం. గ్లైఫోసేట్ వాడకాన్ని 2022 అక్టోబర్‌లో కేంద్రం పరిమితం చేసింది. అయినా గడ్డి మందు డబ్బా మోసుకుపోయేవాళ్లను ఊర్లో రోజూ చూస్తూనే ఉన్నాం. మందు చేనుకు కొడితే గెట్టుకూ పడుతుంది. దున్నకపోయినా, తవ్వకపోయినా గెట్టు మీది తీగలు పోవడానికి ఇదే పెద్ద కారణమని నా అనుభవం.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలను చూడండి. చిన్న కమతాల దళిత మహిళా రైతులు. మందు కొట్టని కలిపిన పంటల చేలల్లో విత్తకుండా వచ్చే ఆకుకూరలను కలుపు అనరు, కూర అంటారు. వాళ్లలో కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకుని తమ విత్తనాలను, పంటలను తామే చిత్రీకరించారు. 2019లో వాళ్ల సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ల పని చూశాకే నాకు ఒకటి అర్థమైంది. వాళ్ల కెమెరా ముందున్న మొక్క మందు పడని చేనులో ఉంది కాబట్టి మరుసటి ఏడాది కూడా ఫోటోకు దొరుకుతుంది. ప్రకృతి వ్యవసాయం చేసే మనకు ఆ సౌకర్యం ఇప్పటికే ఉంది. గెట్టును వదిలేస్తే చాలు, సగం పని అయినట్టే.

రికార్డు సంగతి కూడా చెప్పి ముగిస్తా. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊర్లో ఏ మొక్కలు, పంటలు, పశువులు ఉన్నాయో రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ పంచాయతీలో అడిగి చూడండి. ఉంటే మన మొక్క అందులో ఉందో లేదో చూసుకుని, లేకుంటే తేదీ, ఫోటో, ఊరి పేరు, శాస్త్రీయ నామంతో రాసివ్వండి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. రేపు ఆ భూమి గురించి ఏ సర్వే జరిగినా, "ఇక్కడ ఏమీ లేదు, ఖాళీ చెలక" అనే మాటకు ఎదురు ఆ కాగితమే మాట్లాడుతుంది. ఫోటోలను ఒక ఫోన్‌లోనే ఉంచకండి, మెమరీ కార్డులో, గూగుల్ డ్రైవ్‌లో కూడా పెట్టండి.

ఇప్పుడు కాయలు ముదిరే టైం. మీ గెట్టు మీద అడవినాభి ఉంటే ఈ వారమే పోయి చోటు ఫోటోలు తీసి, అడుగులు కొలిచి, మొదట్లో ఒక రాయి పాతండి. గింజలు ఎవరికైనా ఇచ్చేటప్పుడు పొట్లం మీద పేరు, కోసిన తేదీ రాసి, ఎర్ర పెన్నుతో "విషం, పిల్లలకు అందనీయొద్దు" అని పెద్దగా రాయండి.